చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ కేసు: ముద్దాయి కాలమ్‌లో ఎవరి పేరు రాశారు

క్రిమినల్ సైడ్ ప్రాక్టీస్ చేసేవాళ్లం ఏ ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చినా ముందు చూసేవి రెండే, టైమ్ ఒకటి, ముద్దాయి వివరాలు రాసే కాలమ్ ఒకటి, మిగతా కథంతా ఆ తర్వాత చదువుతాం. 2019 డిసెంబర్ 6 పొద్దున చటాన్‌పల్లిలో పోలీసుల కాల్పుల్లో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు చనిపోయాక షాద్‌నగర్ స్టేషన్‌లో కట్టిన కేసులో ఆ కాలమ్‌లో ఉన్నది ఎవరో తెలుసా, చనిపోయిన ఆ నలుగురే. సెక్షన్ 307, అంటే పోలీసుల మీద హత్యాయత్నం. ఆ నలుగురి ప్రాణాలు పోయినందుకు విడిగా కేసు లేదు. నేను ఈ కేసులో ఎవరి తరఫునా వకాలత్ వేయలేదు, కానీ ఈ కాల్పుల మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ రిపోర్ట్, కోర్టు ఆర్డర్లు పక్కన పెట్టుకుని చాలా రోజులు కూర్చున్నాను, ఎందుకంటే మా పనిలో ఇంతకంటే పెద్ద పాఠం ఇంకోటి దొరకదు అనిపించింది. జూనియర్లు అడుగుతూ ఉంటారు కాబట్టి మొత్తం ఒకచోట రాస్తున్నా.

ముందు వరుసగా జరిగింది చెప్తా. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ గేట్ పక్కన 26 ఏళ్ల వెటర్నరీ డాక్టర్‌ని నలుగురు అత్యాచారం చేసి చంపేశారన్నది కేసు, మర్నాడు పొద్దున 44వ నంబర్ హైవే మీద చటాన్‌పల్లి బ్రిడ్జి కింద కాలిపోయిన శరీరం దొరికింది. ఆ అమ్మాయి పేరు రాయకూడదు, చట్టం ఒప్పుకోదు, అందరూ దిశ అనే అంటున్నారు కాబట్టి నేనూ అదే అంటాను. ఆ రాత్రి కుటుంబం స్టేషన్‌కి వెళ్తే మా పరిధి కాదు వాళ్ల పరిధి అని తిప్పారని ఆరోపణ వచ్చింది, ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధి చూడకుండా ఏ స్టేషన్‌లోనైనా కట్టే కేసు, అనే మాట మామూలు జనానికి తెలిసింది అప్పుడే. 29న నలుగురినీ అరెస్ట్ చూపించారు, లారీ మీద పనిచేసేవాళ్లు.

30న షాద్‌నగర్ స్టేషన్ ముందు వేలమంది జనం, నిందితుల్ని కోర్టుకి తీసుకెళ్లలేని పరిస్థితి, అందుకని తహసీల్దార్ స్టేషన్‌కే వచ్చి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ హోదాలో 14 రోజుల రిమాండ్ వేశారు, చర్లపల్లి జైలుకి పంపారు. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే అందరూ కాల్పుల దగ్గర మొదలుపెడతారు కానీ నా లెక్కలో కేసు పట్టాలు తప్పింది ఇక్కడే. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీ 167(2ఎ) కింద జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ దొరకనప్పుడు మాత్రమే, ఆ అధికారాలు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ రిమాండ్ చేయొచ్చు, అదీ మొత్తం కలిపి 7 రోజులు దాటకూడదు. రిమాండ్ అంటే సంతకం కాదు. మెజిస్ట్రేట్ మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని నీ పేరేంటి, వయసెంత, కొట్టారా, లాయర్ ఉన్నాడా, ఇంట్లో ఎవరికి చెప్పారు అని అడగాలి. ఆ ప్రశ్నలు ఆ రోజు సరిగ్గా అడిగి ఉంటే ఒక విషయం అప్పుడే బయటపడేది. పోలీసు రికార్డులో ముగ్గురి వయసు 20 అని ఉంది, రెండేళ్ల తర్వాత సిర్పుర్కర్ కమిషన్ స్కూల్ రికార్డులు చూసి ఆ ముగ్గురూ మైనర్లు అని తేల్చింది. నలుగురిలో ముగ్గురు! జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 ప్రకారం వయసుకి మొదటి సాక్ష్యం స్కూల్ సర్టిఫికెట్, అది తెప్పించడానికి ఒక కానిస్టేబుల్‌కి ఒక పూట పని. మైనర్ అని అనుమానం వస్తే ఆ పిల్లవాడు వెళ్లాల్సింది జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకి, పోలీస్ లాకప్‌కి గానీ జైలుకి గానీ కాదు. నేరం ఘోరమైనదైతే 16 దాటినవాళ్లని పెద్దవాళ్లలాగే విచారించాలా వద్దా అని బోర్డు పరిశీలిస్తుంది, అంటే చట్టం వాళ్లని ఊరికే వదిలేయదు, దారి వేరు అంతే.

ఇంకో బాధ కలిగించే విషయం, షాద్‌నగర్‌లో లాయర్లు ఈ నలుగురి తరఫున ఎవరూ నిలబడం అని చెప్పేశారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, ఆ వారం నేనూ రాత్రిళ్లు సరిగ్గా నిద్రపోలేదు, ఇంట్లో ఆడపిల్లలున్న ఎవరైనా అంతే. కానీ ఇలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే ఏఎస్ మహమ్మద్ రఫీ కేసులో గట్టిగా చెప్పింది. లాయర్ లేకపోతే ఏమవుతుందో ఈ కేసు చూపించింది, వయసు గురించి అడిగే నోరు లేదు, కస్టడీ పిటిషన్‌కి కౌంటర్ వేసే చేయి లేదు, కస్టడీలో లాయర్ కలవడానికి పర్మిషన్ అడిగిన మనిషి లేడు. మెజిస్ట్రేట్ పోలీస్ కస్టడీకి ఇచ్చేటప్పుడు పెట్టే షరతులు మనం అడిగితేనే పడతాయి, ఇన్ని గంటలకోసారి మెడికల్ చెకప్, లాయర్ కనిపించేంత దూరంలో ఉండొచ్చు, రాత్రి బయటికి తీసుకెళ్లకూడదు, ఇవన్నీ.

డిసెంబర్ 4న మహబూబ్‌నగర్‌లో ఈ కేసు కోసమే ఫాస్ట్‌ట్రాక్ కోర్టు అన్నారు. రెండు రోజులకే, 6వ తేదీ తెల్లవారుజామున, దిశ ఫోను, వాచీ లాంటివి ఎక్కడ పెట్టారో చూపిస్తామన్నారని పోలీస్ కస్టడీలో ఉన్న నలుగురినీ చటాన్‌పల్లి తీసుకెళ్లారు. పోలీసుల వెర్షన్ ఇది: రాళ్లు, కర్రలతో దాడి చేశారు, కళ్లలో మట్టి కొట్టారు, ఇద్దరు మా పిస్టళ్లు లాక్కుని కాల్చారు, లొంగిపొమ్మన్నా వినలేదు, మేం తిరిగి కాల్చాం, నలుగురూ పోయారు, మావాళ్లు ఇద్దరికి గాయాలు. చేతులకి బేడీలు లేవని అప్పటి సైబరాబాద్ కమిషనర్ సజ్జనార్ ప్రెస్ మీట్‌లోనే చెప్పారు.

రికవరీ గురించి ఒక మాట. ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 27, ఇప్పుడు దాని బదులు వచ్చిన కొత్త సాక్ష్య చట్టం బీఎస్ఏలో 23, నిందితుడు చెప్పిన మాట వల్ల వస్తువు దొరికితే ఆ మాటలో అంతవరకే కోర్టులో పనికొస్తుంది. దానికి పంచులు, అంటే చూసి సంతకం పెట్టే సాక్షులు, కావాలి, పంచనామా కావాలి, వెలుతురు కావాలి. నా సర్వీస్‌లో చూసిన రికవరీలు చాలా మటుకు పగటి పూటే, మండలాఫీసు నుంచి పంచుల్ని పిలిపించి చేసేవే. తెల్లవారకముందు నలుగురినీ ఒకేసారి, బేడీలు లేకుండా, ఓపెన్ పొలాల్లోకి తీసుకెళ్లాల్సిన అవసరం ఏమొచ్చింది అన్నది ఏ డిఫెన్స్ లాయర్ అయినా క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగే మొదటి ప్రశ్న.

ఆ పొద్దున బ్రిడ్జి మీద నుంచి జనం పోలీసుల మీద పూలు చల్లారు, స్వీట్లు పంచారు, టపాసులు కాల్చారు. వారం కింద కంప్లయింట్ తీసుకోలేదని ఇదే పోలీసుల్ని తిట్టిన జనమే. దిశ తల్లిదండ్రులకి ఆ రోజు కొంచెం ఊరట కలిగింది, వాళ్లని ఒక్క మాట అనే హక్కు మనకెవరికీ లేదు. నేను మాట్లాడేది వ్యవస్థ గురించి.

అదే సాయంత్రం కొంతమంది మహిళా కార్యకర్తలు ఇచ్చిన విజ్ఞాపన మీద తెలంగాణ హైకోర్టు కదిలింది, శవాల్ని డిసెంబర్ 9 రాత్రి 8 దాకా భద్రపరచాలి, పోస్ట్‌మార్టం వీడియో జిల్లా జడ్జికి అప్పగించాలి అని ఆర్డర్. ఈ ఒక్క ఆర్డర్ లేకపోతే ఆ రాత్రికే అంత్యక్రియలు అయిపోయేవి, ఇవాళ మనం మాట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. శవాలు మహబూబ్‌నగర్ నుంచి గాంధీ ఆస్పత్రికి వచ్చాయి, డిసెంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి రెండోసారి పోస్ట్‌మార్టం చేశారు, అప్పుడుగానీ తల్లిదండ్రుల చేతికి ఇవ్వలేదు. 17 రోజులు. ఆ ఇళ్లల్లో కూడా అమ్మలున్నారు, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు.

మధ్యలో జాతీయ మానవ హక్కుల కమిషన్ టీమ్ వచ్చింది, రాష్ట్రం రాచకొండ కమిషనర్ మహేష్ భగవత్ హెడ్‌గా ప్రత్యేక దర్యాప్తు బృందం, సిట్ వేసింది. డిసెంబర్ 12న సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ బోబ్డే బెంచ్ వీటన్నిటి మీదా ఒక ఆర్డర్ ఇచ్చింది, రిటైర్డ్ సుప్రీం జడ్జి వీఎస్ సిర్పుర్కర్ ఛైర్మన్‌గా, బాంబే హైకోర్టు మాజీ జడ్జి రేఖా బల్దోటా, సీబీఐ మాజీ డైరెక్టర్ కార్తికేయన్ మెంబర్లుగా ముగ్గురి కమిషన్, ఆరు నెలల గడువు, హైకోర్టులో జరిగేవి, మానవ హక్కుల కమిషన్‌లో జరిగేవి ఆపేయాలి అని. కోవిడ్ వల్ల గడువు పొడిగించుకుంటూ పోయి చివరికి 2022 జనవరి 28న రిపోర్ట్ ఇచ్చారు. 57 మంది సాక్షుల్ని విచారించారు. 2022 మే 20న రాష్ట్రం సీల్డ్ కవర్‌లో ఉంచమని అడిగినా చీఫ్ జస్టిస్ రమణ బెంచ్ ఒప్పుకోలేదు, రిపోర్ట్ బయటపెట్టి కేసుని మళ్లీ తెలంగాణ హైకోర్టుకే పంపింది.

రిపోర్ట్‌లో తేలింది ఏంటంటే, గెస్ట్‌హౌస్‌లో ఉంచిన దగ్గర్నుంచి చటాన్‌పల్లి దాకా పోలీసులు చెప్పిన కథ మొత్తం కల్పితం, నిందితులు ఆయుధాలు లాక్కోవడం సాధ్యం కాదు, లాక్కున్నా వాటిని వాడటం వాళ్లకి రాదు, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారు. పదిమంది పోలీసుల్ని 302 (హత్య)తో పాటు 34 (ఉమ్మడి ఉద్దేశం), 201 (సాక్ష్యాలు మాయం చేయడం) సెక్షన్ల కింద ట్రయల్‌కి పంపాలి అని సిఫార్సు. అందులో ముగ్గురి విషయంలో ఐపీసీ 300లోని మూడో మినహాయింపు కూడా వర్తించదు అన్నారు. ఈ పాయింట్ కొత్తవాళ్లకి వెంటనే ఎక్కదు. పబ్లిక్ సర్వెంట్ డ్యూటీలో భాగంగా, మంచి నమ్మకంతో, పగ లేకుండా, అధికార పరిధి దాటి ప్రాణం తీస్తే అది హత్య కాదు, 304, అంటే హత్య కిందికి రాని నరహత్య, కిందికి దిగుతుంది. ఆ మెట్టు కూడా వాళ్లకి లేదు, ఎందుకంటే ఆ మంచి నమ్మకం అనేదే అక్కడ కనపడలేదు అని కమిషన్ చెప్పింది.

ఇంత గట్టి రిపోర్ట్ వచ్చాక శిక్ష పడినట్టే అనుకుంటారు జనం. కాదు. కమిషన్స్ ఆఫ్ ఎంక్వైరీ చట్టం కింద వచ్చే రిపోర్ట్ సలహా మాత్రమే, తీర్పు కాదు, రామకృష్ణ దాల్మియా కేసు నుంచి, అంటే 1958 నుంచి ఇదే లా. ఇంకా ఘోరం సెక్షన్ 6, కమిషన్ ముందు మనిషి చెప్పిన మాటని తర్వాత అదే మనిషి మీద క్రిమినల్ కేసులో వాడటానికి లేదు. అంటే ఆ 57 మందిని విచారించిన శ్రమంతా ట్రయల్ కోర్టుకి దారి చూపించే మ్యాప్ మాత్రమే, నడక మళ్లీ మొదటి అడుగు నుంచే. దానికి తోడు సెక్షన్ 8బి ఉంది, రిపోర్ట్ వల్ల ఎవరి పేరుకి దెబ్బ తగులుతుందో వాళ్లకి ముందే నోటీస్ ఇచ్చి వాళ్ల మాట వినాలి, ఇలాంటి రిపోర్టుల మీద అటాక్ మామూలుగా ఈ తలుపు నుంచే వస్తుంది. ఇక్కడా పోలీసు అధికారులు, అప్పటి తహసీల్దార్ హైకోర్టుకి వెళ్లారు, 2024లో సింగిల్ జడ్జి కమిషన్ రిపోర్ట్ ఆధారంగా వాళ్ల మీద చర్యలు తీసుకోవద్దని మధ్యంతర స్టే ఇచ్చారు. వాళ్లకీ వాదించుకునే హక్కు ఉంది, ఆ హక్కు నేను కాదనను, ఆ నలుగురికి కూడా అదే హక్కు ఉండాల్సింది అన్నదే నా బాధ.

ఇప్పుడు మళ్లీ ఆ కాలమ్ దగ్గరికి వస్తా. కేసు చనిపోయినవాళ్ల మీద కడితే ఏమవుతుంది? ముద్దాయి చనిపోయాడు కాబట్టి కేసు అబేట్, అంటే విచారణ లేకుండానే ముగిసిపోతుంది, ఫైనల్ రిపోర్ట్ వేస్తే క్లోజ్. కాల్చినవాళ్లు ఆ కేసులో ముద్దాయిలు కాదు, ఫిర్యాదుదారులు, సాక్షులు, గాయపడ్డవాళ్లు. దర్యాప్తు ఆఫీసర్ వాళ్ల స్టేట్‌మెంట్ 161 కింద, అంటే సాక్షి వాంగ్మూలంగా, రాసుకుంటాడు, అంతే. అదే కాల్చినవాళ్ల మీద కేసు కడితే లెక్క మొత్తం తిరగబడుతుంది. ఆత్మరక్షణ అనేది అప్పటి ఐపీసీ 96 నుంచి 106 దాకా ఉన్న మినహాయింపు, మినహాయింపు కావాలన్నవాడే దాన్ని నిరూపించుకోవాలి, ఎవిడెన్స్ యాక్ట్ 105 చెప్పేది అదే. ప్రాసిక్యూషన్ లాగా సందేహానికి అతీతంగా అక్కర్లేదు, అవును అలా జరిగి ఉండొచ్చు అని కోర్టుకి అనిపించేంత చాలు, అయినా బోనులో నిలబడి చెప్పుకోవాలి కదా.

ఈ గొడవ మన తెలుగు నేల మీద పుట్టిందే. ఏపీ పౌరహక్కుల సంఘం ఫిర్యాదుల మీదే మానవ హక్కుల కమిషన్ ఛైర్మన్ వెంకటాచలయ్య 1997 మార్చి 29న అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకి లెటర్ రాశారు, ఎన్‌కౌంటర్ చావుల్లో ఏం చేయాలో చెప్తూ. 2009 ఫిబ్రవరి 6న ఉమ్మడి ఏపీ హైకోర్టులో ఐదుగురు జడ్జిల బెంచ్ ఇంకా స్పష్టంగా చెప్పింది, చావు జరిగిందంటే కేసు కట్టాలి, ఆత్మరక్షణో కాదో తేల్చేది కోర్టు, పోలీసులు కాదు, మెజిస్టీరియల్ ఎంక్వైరీ దర్యాప్తుకి బదులు కాదు అని. దాని మీద సుప్రీంకోర్టు స్టే వచ్చింది. తర్వాత 2014 సెప్టెంబర్ 23న పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో జస్టిస్ లోధా, జస్టిస్ నారిమన్ 16 గైడ్‌లైన్స్ ఇచ్చారు, ఎఫ్ఐఆర్ కట్టాలి, దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ టీమ్ గానీ చేయాలి, ఆయుధాలు ఫోరెన్సిక్‌కి అప్పగించాలి, దగ్గరి బంధువుకి వెంటనే చెప్పాలి, ఎన్‌కౌంటర్ నిజమని తేలేదాకా మెడల్స్, ప్రమోషన్లు ఇవ్వకూడదు అని. మంచి తీర్పే, కానీ నా దృష్టిలో ఒక్క ఖాళీ మిగిలిపోయింది, ఎఫ్ఐఆర్ కట్టాలి అన్నారు గానీ ఎవరి మీద అన్నది అంత తేటగా రాయలేదు. స్టేషన్లలో ఆ ఖాళీలోకి చనిపోయినవాడి పేరు ఎక్కుతోంది, 16 గైడ్‌లైన్స్‌లో ఎఫ్ఐఆర్ కట్టాలన్నది పాటించినట్టే కనిపిస్తుంది, కేసు మాత్రం పుట్టకముందే చచ్చిపోతుంది.

కస్టడీలో ఉన్నవాళ్లు చనిపోతే ఇంకో రక్షణ ఉంది, సీఆర్‌పీసీ 176(1ఎ), ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్ఎస్‌లో 196, జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ ఎంక్వైరీ తప్పనిసరి, రెవెన్యూ అధికారి ఎంక్వైరీ దానికి సరిపోదు. మనవాళ్లు చాలామంది ఆర్డీఓ నోటీస్ పేపర్‌లో చూసి ఎంక్వైరీ అవుతోంది కదా అని ఊరుకుంటారు. ఊరుకోవద్దు, మెజిస్ట్రేట్ కోర్టులో వెంటనే పిటిషన్ పడేయాలి.

ఇలాంటి కుటుంబం ఎవరైనా మీ ఆఫీసు మెట్లెక్కితే మొదటి రోజు ఏం చేయాలో నాకు తెలిసింది రాస్తా. అర్ధరాత్రయినా హౌస్ మోషన్, అంటే జడ్జి ఇంటి దగ్గరే అత్యవసర విచారణ, అడగండి, శవం దహనం కాకూడదు, పోస్ట్‌మార్టం వీడియో తీయాలి, వేరే జిల్లా లేదా వేరే రాష్ట్ర ఫోరెన్సిక్ డాక్టర్లు కావాలి అని. బట్టలు తడిగా కవర్లో పెట్టకుండా ఆరబెట్టి సీల్ చేయమనండి, ఎందుకంటే గాయం చుట్టూ, గుడ్డ చుట్టూ ఉండే మసి, పొడి మరకలే ఎంత దూరం నుంచి కాల్చారో చెప్తాయి. చనిపోయినవాడు కాల్చాడు అంటున్నారు కాబట్టి అతని చేతులు తుడిచి తీసే నమూనాలు, స్వాబ్‌లు, తీయాల్సిందే అని రాతపూర్వకంగా అడగండి. స్టేషన్ జనరల్ డైరీ, ఆయుధాలు ఇచ్చిన రిజిస్టర్, బండి లాగ్‌బుక్, వైర్‌లెస్ లాగ్, ఇవన్నీ ఆ రోజే భద్రపరచమని ఆర్డర్ తెచ్చుకోవాలి. టోల్ గేట్, పెట్రోల్ బంక్ సీసీటీవీలు కొన్ని రోజులకే చెరిగిపోతాయి, కాల్ డేటా కూడా శాశ్వతంగా ఉండదు. ఏళ్ల తర్వాత కమిషన్ వచ్చి అడిగితే లేదనే సమాధానం వస్తుంది.

ఒకసారి ఇలాంటి కేసులో ఒక తండ్రి నా దగ్గరికి మూడు నెలల తర్వాత వచ్చాడు, చేతిలో పేపర్ కటింగ్ తప్ప ఏమీ లేదు. ఇంత ఆలస్యం ఎందుకు చేశావన్నా అంటే, ఎఫ్ఐఆర్‌లో నా కొడుకే ముద్దాయి అని ఉంది సార్, ముద్దాయి తండ్రికి కేసు పెట్టే హక్కు ఉంటదని నాకు తెల్వదు అన్నాడు. హక్కు ఉంది. సీఆర్‌పీసీ 200 కింద, ఇప్పుడు బీఎన్‌ఎస్ఎస్ 223 కింద, మెజిస్ట్రేట్ దగ్గర ప్రైవేట్ కంప్లయింట్ వేయొచ్చు. దానికి 197 శాంక్షన్, అంటే ప్రభుత్వ ఉద్యోగి మీద కేసుకి కావాల్సిన ప్రభుత్వ అనుమతి, అడ్డం వస్తుందని వాదిస్తారు, ఓంప్రకాశ్ కేసులో 2012లో సుప్రీంకోర్టు నిజంగా డ్యూటీలో భాగంగా జరిగిన కాల్పులకి ఆ రక్షణ ఇచ్చింది కూడా, డ్యూటీయా హత్యా అన్నది ఆ కేసు వాస్తవాల మీద ఆధారపడుతుంది. కొత్త చట్టం 218లో మాత్రం 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే శాంక్షన్ ఇచ్చినట్టే లెక్క, ఈ లైన్ అందరం గుర్తుపెట్టుకోవాలి.

కాల్చిన పోలీసులకి ఎప్పుడూ శిక్ష పడదు అనేవాళ్లకి రెండు కేసులు చెప్తా. 1997లో ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో పొరపాటు మనుషుల్ని కాల్చిన కేసులో ఏసీపీతో సహా పదిమందికి యావజ్జీవం పడింది, సుప్రీంకోర్టు 2011లో ఖాయం చేసింది. ముంబైలో 2006 నాటి లఖన్ భయ్యా కేసులో 2013లో శిక్షలు పడ్డాయి, 2024 మార్చిలో బాంబే హైకోర్టు కింది కోర్టు వదిలేసిన ప్రదీప్ శర్మకి కూడా యావజ్జీవం వేసింది. ఆ ముంబై కేసు నిలబడింది చనిపోయిన అతని సోదరుడు, స్వయంగా లాయర్, సంఘటన జరిగిన సాయంత్రమే అధికారులకి టెలిగ్రాములు, ఫ్యాక్సులు కొట్టి పెట్టుకోవడం వల్ల. ఆ టైమ్ ముద్రలే తర్వాత కోర్టులో మాట్లాడాయి.

చటాన్‌పల్లిలో అలా పరిగెత్తే లాయర్ సోదరుడు ఎవరికీ లేడు. రోజుకూలీ ఇళ్లు, ఊరంతా వెలివేసినట్టు చూస్తున్న రోజులు. ఇంకోవైపు దిశ కేసు ఫైల్ ఉంది, దాని గురించి అందరం మర్చిపోయాం. నలుగురు నిందితులూ చనిపోయారు కాబట్టి ఆ కేసు కూడా అబేట్. ఏ కోర్టూ సాక్షుల్ని వినలేదు, డీఎన్ఏ రిపోర్ట్ మీద ఎవరూ క్రాస్ చేయలేదు, ఆ రాత్రి ఆ అమ్మాయికి జరిగింది ఇది, చేసింది వీళ్లు అని ఒక జడ్జి సంతకంతో ఒక్క కాగితం ఆ తల్లిదండ్రుల దగ్గర లేదు. కంప్లయింట్ తీసుకోకుండా తిప్పిన ఆ రాత్రి గురించి కూడా ట్రయల్‌లో సాక్ష్యం వచ్చేది, అదీ పోయింది.